తెలంగాణకు 7, కేరళకు 9: రాజ్యసభ సీట్ల లెక్క ఎక్కణ్నుంచి వచ్చింది?

ఓరుగల్లు_కోట | రాత్రి 8:05
2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఉన్నది సుమారు 3 కోట్ల 50 లక్షల మంది. కేరళలో 3 కోట్ల 34 లక్షలు. రాజ్యసభలో చూస్తే మనకు 7, వాళ్లకు 9. అస్సాంలో 3 కోట్ల 12 లక్షలు, వాళ్లకూ 7. ఏ సూత్రం పెట్టి పంచారిది? రేపు డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) జరిగితే ఇదీ సర్దుకుంటుందా? లెక్కతో సహా చెప్పగలిగినవాళ్లు చెప్పండి. "అన్యాయం" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోవద్దు.

నాగావళి | రాత్రి 8:31
మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు. సర్దుకోదు. డీలిమిటేషన్‌కూ రాజ్యసభకూ సంబంధమే లేదు. 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా ఆగాలన్న నియమం లోక్‌సభ, శాసనసభల సీట్లకు సంబంధించినది. 2001లో 84వ సవరణ పెట్టిన గడువు అది. రాజ్యసభ సీట్లు రాజ్యాంగం నాలుగో షెడ్యూల్‌లో రాష్ట్రం పేరు, పక్కన అంకె, అంతే ఉంటాయి. ప్రతి జనాభా లెక్క తర్వాత ఆ అంకెల్ని తిరగరాయాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. లోక్‌సభ సీట్లకూ జనాభాకూ నిష్పత్తి అన్ని రాష్ట్రాల్లో వీలైనంతవరకు ఒకేలా ఉండాలని 81వ అధికరణం చెబుతుంది. రాజ్యసభ గురించిన 80వ అధికరణంలో ఆ మాట లేదు.

80వ అధికరణం పెట్టిన హద్దు ఒకటే: రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 238 మంది దాకా, రాష్ట్రపతి నియమించేవాళ్లు 12 మంది. ఇప్పుడు షెడ్యూల్‌లో ఉన్నవి కూడితే 233. పన్నెండు కలిపితే 245.

లెక్కల_పుస్తకం | రాత్రి 8:58
ఇక సూత్రం. మొదటి 50 లక్షల జనాభాకు ప్రతి 10 లక్షలకూ ఒక సీటు. ఆపైన ప్రతి 20 లక్షలకూ ఒకటి. చివర మిగిలింది 10 లక్షలు దాటితే దానికీ ఒకటి, దాటకపోతే లేదు. వాడిన జనాభా 1951ది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఈ లెక్క వేసి, 7వ సవరణతో నాలుగో షెడ్యూల్‌ను మార్చి రాశారు.

కేరళతో చూడండి. 1951లో సుమారు 135.5 లక్షలు. మొదటి 50కి 5 సీట్లు. మిగిలిన 85.5 లక్షల్లో ఇరవైలు నాలుగు. ఇంకా 5.5 లక్షలు మిగిలాయి, అది పదికి తక్కువ కాబట్టి వదిలేశారు. 5+4=9. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే 9.

మైసూరు 194 లక్షలు: 5+7=12. కర్ణాటకకు ఇవాళ్టికీ 12. ఉత్తరప్రదేశ్ 632 లక్షలు: 5+29=34. ఒడిశా 146.5 లక్షలు: యాభై తీస్తే 96.5, నాలుగు ఇరవైలు పోగా 16.5 మిగిలింది, పది దాటింది కాబట్టి మొత్తం 5+5=10.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 312.6 లక్షలు. యాభై తీస్తే 262.6. ఇరవైలు 13, మిగిలింది 2.6. అంటే 5+13=18. మీ 7 ఈ 18లోంచి కోసి ఇచ్చిన ముక్క. కేరళ 9 మాత్రం సూత్రం వేసి ఇచ్చింది. రెండూ ఒక పద్ధతిలో పుట్టిన అంకెలు కావు. అసలు మెలిక అక్కడే ఉంది.

ఓరుగల్లు_కోట | రాత్రి 9:10
సూత్రం రాజ్యాంగంలో ఉందా మరి? నేను చూసిన ప్రతిలో కనపడలేదు.

లెక్కల_పుస్తకం | రాత్రి 9:16
లేదు. షెడ్యూల్‌లోకి ఎక్కింది ఫలితమే. సూత్రం కాగితం మీద వాడి పక్కన పెట్టేశారు. జనాభా ఎంత పెరిగినా తగ్గినా అంకె కదలకపోవడానికి అదే కారణం.

చిన్న రాష్ట్రాలకు సూత్రం అసలు పనికిరాదు. సిక్కిం, మిజోరం లాంటివి రాష్ట్రాలయ్యేనాటికి వాటి జనాభా 10 లక్షలు లేదు, లెక్క వేస్తే సున్నా వస్తుంది. అందుకే రాష్ట్రం అనగానే కనీసం ఒకటి అని ఇస్తూ వచ్చారు. పుదుచ్చేరికీ అలాగే ఒకటి.

చిత్తూరు_నేల | రాత్రి 9:40
ఆ "పది లక్షలు దాటితే" అన్న షరతు ఎంత పని చేస్తుందో మన సరిహద్దులోనే చూడొచ్చు. 1956లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది 17. జనాభా సుమారు 299.7 లక్షలు. యాభై తీస్తే 249.7. ఇరవైలు పన్నెండు, 240. మిగిలింది 9.7 లక్షలు. ఇంకో ముప్పై వేల మంది ఉంటే పద్దెనిమిదో సీటు వచ్చేసేది.

1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దులు మారాయి. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి అటు పోయింది, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు గ్రామాలు ఇటు వచ్చాయి. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ చూస్తే మద్రాసుకు నికరంగా సుమారు లక్షా నలభై నాలుగు వేల మంది పెరిగారు. ఇప్పుడు వాళ్ల లెక్క 301.2 లక్షలు. యాభై తీస్తే 251.2. మిగిలేది 11.2, పది దాటింది. 17 కాస్తా 18 అయింది. ఆ సరిహద్దుల చట్టంలోనే నాలుగో షెడ్యూల్‌లో 17 తీసి 18 పెట్టారు. తమిళనాడుకు ఇప్పుడున్న 18 అదే.

మనం లక్షన్నర మందిని పోగొట్టుకున్నా మిగులు 2.6 నుంచి సుమారు 1.15 లక్షలకు దిగింది కానీ సున్నా కిందికి పోలేదు. అందుకే మన 18 చెక్కుచెదరలేదు. మనవైపు నుంచి ఇంకో లక్షా ఇరవై వేల మంది పోయి ఇరవైలు పన్నెండుకు తగ్గినా, మిగులు పది లక్షల పైకే ఉంటుంది కాబట్టి సీటు పోయేది కాదు. వాళ్లకు ముప్పై వేల మందే ముఖ్యం, మనకు లక్షన్నర కూడా లెక్కలోకి రాలేదు. సీటు రావడం, రాకపోవడం జనాభా ఎంత అనేదాని కంటే గీతకు ఎంత దగ్గరగా నిలబడ్డాం అనేదాని మీద ఆధారపడింది.

కృష్ణా_కరకట్ట | రాత్రి 10:02
ఈ తిరుత్తణి లెక్క ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలండి చిత్తూరు గారూ.

ఒక సందేహం. సరిహద్దు మారినప్పుడు సూత్రం మళ్లీ వేశారంటే, రాష్ట్రం విడిపోయినప్పుడూ వేయాలి కదా? 2014లో 18ని 11, 7 అని పంచి వదిలేశారేం?

లెక్కల_పుస్తకం | రాత్రి 10:35
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. పాత విభజనలు చూడండి.

1960లో బొంబాయి రాష్ట్రం చీలింది. దానికి అప్పుడు 27. చీలాక మహారాష్ట్రకు 19, గుజరాత్‌కు 11. కూడితే 30. మూడు పెరిగాయి! గుజరాత్ 1951 జనాభా 162.6 లక్షలు: 5+6. మహారాష్ట్ర సుమారు 320 లక్షలు: యాభై తీస్తే 270, పదమూడు ఇరవైలు పోగా మిగిలింది పది లక్షల పైన కొద్ది వేలు మాత్రమే. అంత సన్నని తేడాతో పంతొమ్మిదో సీటు దక్కింది.

1966లో పంజాబ్. అప్పటికి పంజాబ్‌కు 11, హిమాచల్‌కు 2, మొత్తం 13. విభజన తర్వాత పంజాబ్ 7, హర్యానా 5, కొండ ప్రాంతాలు కలిసిన హిమాచల్ 3. మొత్తం 15.

ఎందుకు పెరుగుతాయంటే, మొదటి 50 లక్షలకు ఇచ్చే రాయితీ వల్ల. మామూలు రేటున 50 లక్షలకు రెండున్నర సీట్లు. మొదటి యాభైకి అయితే ఐదు. రాష్ట్రం రెండైతే ఆ రాయితీ రెండుసార్లు వస్తుంది. అంటే ఒక్కో విభజనకు రెండు మూడు సీట్లు పెరగాలి.

2000కి వచ్చేసరికి పద్ధతి మారిపోయింది. ఉత్తరప్రదేశ్ 34ని 31, 3 చేశారు. బిహార్ 22ని 16, 6 చేశారు. మధ్యప్రదేశ్ 16ని 11, 5 చేశారు. మూడు కొత్త రాష్ట్రాలు వచ్చినా మొత్తంలో ఒక్క సీటూ పెరగలేదు. 2014లో మన 18కీ అదే జరిగింది.

ఓరుగల్లు_కోట | రాత్రి 10:41
అంటే సూత్రం మళ్లీ వేసి ఉంటే రెండు రాష్ట్రాలకూ కలిపి 20, 21 వచ్చేవన్నమాట. ఈ సంగతి విభజన చర్చల్లో ఎవరూ గట్టిగా పట్టుకోలేదు.

నాగావళి | రాత్రి 10:58
వచ్చేవి. అయితే 238 హద్దు గుర్తుంచుకోండి. 233 నిండి ఉన్నాయి. దేశం మొత్తానికి మిగిలింది 5. ఒక్క మన విభజనకే మూడు పెంచి ఉంటే మిగిలేవి రెండు. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్ కూడా "మాకూ అలాగే వేయండి" అని అడిగితే హద్దు చాలదు. నా దృష్టిలో ఉన్నవాటినే కోసి పంచడం వెనక ఉన్న ఇబ్బంది ఇదే. న్యాయమేనా అంటే కాదంటాను. బొంబాయికి ఒక పద్ధతి, మనకొక పద్ధతి ఎలా కుదురుతుంది?

కృష్ణా_కరకట్ట | రాత్రి 11:12
11, 7 అన్న అంకెలైనా సరిగా వేశారా? లోక్‌సభ 25, 17 కదా.

లెక్కల_పుస్తకం | రాత్రి 11:30
2011 జనాభాతో చూస్తే సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 4.94 కోట్లు, తెలంగాణ 3.52 కోట్లు. 18ని ఆ నిష్పత్తిలో పంచితే 10.51, 7.49. దగ్గరి అంకెకు తెస్తే 11, 7. పోలవరం ముంపు మండలాల జనాభాను ఆంధ్రప్రదేశ్ వైపు కలిపితే 10.55, 7.45 అవుతుంది. లోక్‌సభ సీట్ల నిష్పత్తితో వేసినా 10.71, 7.29. ఎలా తిప్పినా 11, 7 దాటదు. కానీ మొదటి లెక్కలో తెలంగాణ ఎనిమిదో సీటుకు ఎంత దగ్గరగా వచ్చి ఆగిందో గమనించండి.

ఓరుగల్లు_కోట | ఉదయం 6:50
ఉత్తరప్రదేశ్ వాళ్లకు ఇంకా ఎక్కువ నష్టం కదా? 20 కోట్ల మందికి 31.

లెక్కల_పుస్తకం | ఉదయం 7:20
అందరూ అనుకునేది అదే, కానీ సీటుకు ఎంతమంది అని భాగించి చూడండి. 2011 లెక్కన ఉత్తరప్రదేశ్‌లో సీటుకు 64.5 లక్షలు. బిహార్‌లో 65 లక్షలు. మధ్యప్రదేశ్‌లో 66 లక్షలు. అందరికంటే పైన రాజస్థాన్, 68.5 లక్షలు. 1951లో రాజస్థాన్‌కు మిగులు 9.7 లక్షల దగ్గర ఆగిపోయింది, మద్రాసులాగే గీత కిందే ఉండిపోయింది. మద్రాసుకు తిరుత్తణి దొరికింది. వాళ్లకు అలాంటిదేమీ జరగలేదు, పైగా ఆ తర్వాత జనాభా బాగా పెరిగింది.

మనవైపు తెలంగాణలో సీటుకు 50 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 45 లక్షలు, తమిళనాడులో 40, కేరళలో 37. సిక్కింలో 6 లక్షల మందికి ఒకటి.

అట్లాంటా_తెలుగు | ఉదయం 7:45
ఇక్కడి సెనేట్‌లో అయితే ఈ గొడవే లేదు. సుమారు 3 కోట్ల 95 లక్షల మంది ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, 5 లక్షల 77 వేల మంది ఉన్న వయోమింగ్‌కూ ఇద్దరే. పెద్దల సభ రాష్ట్రాలదైతే రాష్ట్రాలన్నీ సమానంగా ఉండాలి. ఇండియాలో ఎందుకు పెట్టలేదు?

నాగావళి | ఉదయం 8:30
పెట్టాలని కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన పూంఛీ కమిషన్ 2010లో సిఫారసు చేసింది కూడా. నాకు మాత్రం అది నచ్చదు. 28 రాష్ట్రాలకు సమానంగా పంచితే తలా ఎనిమిది. సిక్కింకు ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌కు 11 పోయి ఎనిమిది, తమిళనాడుకు 18 పోయి ఎనిమిది. దక్షిణాది ఐదు రాష్ట్రాలకు ఇప్పుడున్న 57 కాస్తా 40 అవుతాయి. లోక్‌సభలో వాటా తగ్గుతుందేమోనని మథనపడుతూ, రాజ్యసభలో ఉన్నది కూడా వదులుకోవడం ఎందుకు?

మన సూత్రం నిజానికి మధ్యేమార్గం. మొదటి యాభై లక్షలకు ఎక్కువ, ఆపైన తక్కువ. జర్మనీ పెద్దల సభదీ ఇలాంటి దారే: ప్రతి రాష్ట్రానికీ కనీసం 3 ఓట్లు, జనాభా 20 లక్షలు దాటితే 4, 60 లక్షలు దాటితే 5, 70 లక్షలు దాటితే 6. తేడా ఏమిటంటే అక్కడ గీతలు రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి. జనాభా గీత దాటితే ఓటు పెరుగుతుంది. హెస్సే రాష్ట్రానికి 1996లో అలాగే ఐదో ఓటు వచ్చింది. మనకు లోపించింది అదే. సూత్రం మంచిదే, 1951 దగ్గర గడ్డకట్టింది.

కృష్ణా_కరకట్ట | ఉదయం 9:05
మరి ఇదే సూత్రాన్ని 2011 జనాభాకు వేస్తే?

లెక్కల_పుస్తకం | ఉదయం 9:40
సంతోషపడే ముందు పూర్తిగా చూడండి. తెలంగాణ 350 లక్షలు: 5+15=20. ఆంధ్రప్రదేశ్ 494 లక్షలు: 5+22=27. కేరళ 334 లక్షలు: 5+14=19. బాగుంది. ఉత్తరప్రదేశ్ 1998 లక్షలు: 5+97=102! సభ మొత్తం 600 దాటిపోతుంది. 238 హద్దు ఉండగా ఇది జరగదు. హద్దులోకి కుదించాలంటే యూనిట్లు (సీటుకు ఇన్ని లక్షలు అన్న ఆ 10, 20) పెంచాలి, యూనిట్లు పెంచితే మొదటి యాభై లక్షల రాయితీ విలువ మారిపోతుంది. మళ్లీ వేయాలని అడిగేవాళ్లు ఏ యూనిట్‌తో అన్నది కూడా చెప్పాలి.

ఓరుగల్లు_కోట | ఉదయం 10:15
సరే, తెలంగాణకు ఒక్క సీటు పెంచాలన్నా ఏం చేయాలి?

నాగావళి | ఉదయం 10:50
రెండు దారులు. రాష్ట్రం ఏర్పాటు, సరిహద్దు మార్పు లాంటి వాటికి 3వ అధికరణం కింద తెచ్చే చట్టంలోనే నాలుగో షెడ్యూల్‌నూ మార్చొచ్చు. దాన్ని రాజ్యాంగ సవరణగా చూడరని 4వ అధికరణం చెబుతుంది, మామూలు మెజారిటీ చాలు. తిరుత్తణి సీటు, బొంబాయి సీట్లు, మన 11, 7 అన్నీ ఆ దారిలో వచ్చినవే.

రాష్ట్ర సరిహద్దు మారకుండా ఉత్తినే అంకె మార్చాలంటే 368వ అధికరణం. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యానికి సంబంధించినది కాబట్టి ఆపైన సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి. తమకేమీ పెరగకుండా పక్కవాడికి పెంచే బిల్లుకు సగం రాష్ట్రాలు చేయెత్తడం కష్టం. 2014 చట్టంలోనే అడగాల్సింది అనడానికి కారణం ఇదే. అప్పుడు మామూలు మెజారిటీతో అయిపోయేది.

చిత్తూరు_నేల | మధ్యాహ్నం 12:20
పంచినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. సీట్లు సరే, అప్పటికే ఉన్న 18 మంది సభ్యుల్లో ఎవరు ఎటు? 2016లో ఆరుగురు, 2018లో ఆరుగురు, 2020లో ఆరుగురు దిగిపోవాలి. ఒక్కో జట్టులోంచి తెలంగాణకు 2, 3, 2, ఆంధ్రప్రదేశ్‌కు 4, 3, 4 వచ్చేలా 2014 మే చివర్లో చీటీలు తీశారు. చీటీకి ఊరూ పార్టీ తెలియవు కదా. తెలంగాణకు చెందిన కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడ్డారు, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కె.వి.పి. రామచంద్రరావు తెలంగాణ ఖాతాలో పడ్డారు. 2020లో పదవీకాలం ముగిసేదాకా రికార్డుల్లో అలాగే కొనసాగింది.

మానేరు_తీరం | మధ్యాహ్నం 1:05
అన్నా, ఆ 2, 3, 2 వల్ల ఎన్నికల్లో ఏమైనా తేడా ఉంటుందా? ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కలిసే కదా ఓటేసేది?

చిత్తూరు_నేల | మధ్యాహ్నం 1:50
ఎమ్మెల్సీలకు ఓటు లేదు తమ్ముడూ. శాసనసభకు ఎన్నికైన సభ్యులకే ఉంది. తేడా అయితే చాలానే ఉంది. ఒకటి కంటే ఎక్కువ సీట్లు ఉన్నప్పుడు ఒక్కో ఓటు విలువ 100. చెల్లిన ఓట్ల మొత్తం విలువను సీట్లకు ఒకటి కలిపి భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలిపితే కోటా.

తెలంగాణలో 119 మంది అంటే 11,900. రెండు సీట్ల ఏడాది మూడుతో భాగిస్తే 3,966, ఒకటి కలిపితే 3,967. అంటే 40 మంది ఎమ్మెల్యేలు కావాలి. మూడు సీట్ల ఏడాది నాలుగుతో భాగిస్తే 2,975, కోటా 2,976. అప్పుడు 30 మంది చాలు. 30 మంది ఉన్న పార్టీకి మూడు సీట్లున్న 2024లాంటి ఏడాది సొంతంగా సీటు వస్తుంది, రెండే ఉన్న 2022లాంటి ఏడాది రాదు. పదవీకాలం ఆరేళ్లు కాబట్టి మళ్లీ మూడు సీట్లు వచ్చేది 2030లో.

ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, 17,500. నాలుగు సీట్లకు కోటా 3,501. ఇక్కడ 35 మంది ఉంటే 3,500, ఒక్క పాయింటు తక్కువ! 36 మంది కావాలి. మూడు సీట్ల ఏడాది 4,376, అంటే 44 మంది. 2019లో 23 మందే గెలిచిన తెలుగుదేశానికి 2020, 2022, 2024లో ఒక్క సీటూ రాకపోవడానికి కారణం ఇదే. 36కే అందని బలం 44కు ఎలా అందుతుంది?

మానేరు_తీరం | మధ్యాహ్నం 2:10
36 మందితో గెలిస్తే మిగిలిన 99 పాయింట్లు ఏమవుతాయి?

చిత్తూరు_నేల | మధ్యాహ్నం 2:45
ఎమ్మెల్యేలు ఆ ఓటు పత్రాల్లో రెండో ప్రాధాన్యం ఎవరికి ఇచ్చారో ఆ అభ్యర్థులకు పోతాయి. 99ని 36 ఓటు పత్రాలతో భాగిస్తే 2.75. భిన్నం వదిలేస్తారు కాబట్టి పత్రానికి 2 చొప్పున 72. మిగిలిన 27 ఎవరికీ రావు. రెండో అభ్యర్థి 3,501కి దగ్గర్లో ఉంటే ఈ 72 చాలా పని చేస్తుంది. అందుకే పార్టీలు ఎవరికి మొదటి ఓటు, ఎవరికి రెండోది అని ఎమ్మెల్యేలను జట్లుగా విడదీసి చెప్తాయి. ఒక అభ్యర్థికి అవసరానికి మించి 40 మందిని కేటాయిస్తే ఆ మేరకు రెండోవాడి మొదటి ఓట్లు తగ్గుతాయి.

కృష్ణా_కరకట్ట | మధ్యాహ్నం 3:20
ఉప ఎన్నికలకు ఈ లెక్క వర్తించదని కూడా రాయండి. ఒక్క సీటే అయితే ఓటు విలువ 1, చెల్లిన ఓట్లలో సగం పైన ఒకటి వస్తే గెలుపు. 175 మందీ ఓటేస్తే 88. ఒకేసారి రెండు మూడు ఖాళీలు వచ్చినా ఉప ఎన్నికల్లో ఒక్కోదాన్నీ విడి ఎన్నికగానే చూస్తారు. 2019లో గుజరాత్‌లో రెండు ఖాళీలను విడివిడిగా నోటిఫై చేస్తే అభ్యంతరం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు జోక్యం చేసుకోలేదు. రెండింటినీ కలిపి పెడితే మూడో వంతు బలం ఉన్న ప్రతిపక్షానికి ఒకటి దక్కేది. విడదీస్తే రెండూ సగం పైన ఉన్నవాడికే.

నాగావళి | సాయంత్రం 4:05
జమ్మూ కశ్మీర్ కూడా ఇక్కడ చెప్పాలి. 2019 విభజనలో ఆ నాలుగు సీట్లూ జమ్మూ కశ్మీర్‌కే ఉంచారు, లద్దాఖ్‌కు ఏమీ లేదు. 2021 ఫిబ్రవరిలో నలుగురూ దిగిపోయారు. ఎన్నుకోడానికి శాసనసభ లేక 2025 అక్టోబరు దాకా నాలుగూ ఖాళీగానే ఉన్నాయి. షెడ్యూల్‌లో అంకె ఉన్నంత మాత్రాన సభలో మనిషి ఉన్నట్టు కాదు. ఎన్నిక పెట్టినప్పుడు కూడా నాలుగింటినీ కలపలేదు. ఒకటి, ఒకటి, రెండు అని మూడు విడి ఎన్నికలు జరిగాయి.

ఓరుగల్లు_కోట | సాయంత్రం 4:40
కలిపి పెట్టి ఉంటే 90 మంది సభలో కోటా 9,000ను ఐదుతో భాగించి ఒకటి కలిపితే 1,801. అంటే 19 మంది. విడిగా పెట్టిన ఒక్కో సీటుకు 46 మంది, రెండు కలిసిన దానికి 3,001, అంటే 31 మంది. లెక్క సరేనా లెక్కల గారూ?

లెక్కల_పుస్తకం | సాయంత్రం 5:02
సరే. 90 మందీ ఓటేసి, ఒక్కటీ చెల్లకుండా పోకపోతే. చెల్లని ఓటు ఒక్కటి పడినా మొత్తం 8,900 అవుతుంది, రెండు సీట్లకు కోటా 2,967కి దిగుతుంది. అప్పుడు 30 మంది చాలు.